లారీ తాగే యూరియా

మిర్యాలగూడ మడుల్లో నిలిచిన నీటిపై చల్లిన యూరియాలో కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. రైతుకు అది నష్టం. ఆ మడిలో పండిన వడ్లు బియ్యమై మిల్లు దాటాక, వాటిని మోసే కొత్త లారీలో అదే మార్పును కావాలనే జరిపిస్తారు.

గాలి చాలక డీజిల్ సరిగా కాలకపోతే మసి పుడుతుంది. రోడ్డు దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయినా, డీజిల్ చిమ్మే నాజిల్ అరిగినా నల్లపొగ వస్తుంది. దాన్ని ఏ మెకానిక్ అయినా చూడగానే పట్టేస్తాడు. కంటికి చిక్కనివి నైట్రోజన్ ఆక్సైడ్లు. ఇంజను లోపలి వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి ఇవి తయారవుతాయి, ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. మసి తగ్గాలని డీజిల్‌ను బాగా మండిస్తే వేడి పెరిగి ఇవి ఎక్కువవుతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన బీఎస్-6 (భారత్ స్టేజ్-6) వాహన కాలుష్య ప్రమాణాలు, పెద్ద లారీల ఇంజను ఒక కిలోవాట్-గంట పనికి వదిలే ఈ ఆక్సైడ్ల పరిమితిని బీఎస్-4 నాటి 3.5 గ్రాముల నుంచి 0.4 గ్రాములకు దించాయి. ఇంత తగ్గించడం ఇంజను ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. అందుకే 32.5 శాతం శుద్ధ యూరియా కలిపిన నీటిని, అంటే డ్రైవర్లు 'డెఫ్' అనే ద్రవాన్ని, వేడి పొగలోకి చిమ్ముతారు. యూరియా నుంచి పుట్టిన అమ్మోనియా, పొగ దారిలో రసాయన చర్యను వేగంగా జరిపించే ఉత్ప్రేరకం మీద ఆ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. పొలం యూరియాను నీళ్లలో కలిపి పోస్తే మాత్రం అందులోని వేపనూనె పూత, మలినాలు ఆ ఉత్ప్రేరకాన్నే పాడుచేస్తాయి.

మరి తనిఖీ? బీఎస్-4, ఆ తర్వాతి లారీలకు ఏడాదికోసారి, అంతకుముందువాటికి ఆరు నెలలకోసారి కాలుష్య పరీక్ష జరగాలి. బండిని న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కుతారు. పొగ కాంతిని ఎంత అడ్డుకుందో యంత్రం కొలుస్తుంది. ఆ కొలత బీఎస్-4కు 1.62, బీఎస్-6కు 0.7 దాటకూడదు. కానీ ఈ పరీక్ష చూసేది మసినే. డెఫ్ చిమ్మే ఏర్పాటును ఆపేసిన లారీ కూడా, మసి లేకపోతే, ఇందులో నెగ్గిపోతుంది. ఫిట్‌నెస్ తనిఖీలోనైనా నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచి తీరాలని నా గట్టి అభిప్రాయం. ఎనిమిదేళ్లు నిండిన లారీలు ఏటా ఆ తనిఖీకి వస్తూనే ఉన్నాయి. లారీలు తిరిగే నార్కట్‌పల్లి కూడలిలో పొద్దంతా నిలబడి పండ్లు అమ్మేవాళ్లు పీల్చేది మసి ఒక్కటే కాదు.