గుర్రాన్ని కట్టేసిన మాట

అరబీ భాషలో చాలా మాటలకు మూడు హల్లులే మూలం. అచ్చులు మార్చి, ముందో వెనకో ఒక అక్షరం తగిలిస్తే కొత్త మాట తయారవుతుంది. ర-బ-త తీసుకోండి. ‘రబత’ అంటే కట్టాడు. (ఈ త మన త కాదు, నాలుకను వెనక్కి లాగి బరువుగా పలకాలి.) ‘రాబిత’ అంటే బంధం, సంఘం, ఫుట్‌బాల్ లీగ్ కూడా అదే. ‘రిబాత్’ బూటు లేసు కావచ్చు, కీళ్ల దగ్గర ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ కావచ్చు. ఇంటర్నెట్‌లో మనం నొక్కే లింక్ ‘రాబిత్’.

‘రిబాత్’కే ఇంకో అర్థం ఉంది: సరిహద్దు కోట. శత్రువు ఎప్పుడు వచ్చిపడతాడో తెలియని చోట గుర్రాల్ని కట్టి సిద్ధంగా ఉంచాలి కదా! ‘రిబాత్ అల్ ఖైల్’ (కట్టి ఉంచిన గుర్రాలు) అన్న మాట ఖురాన్‌లోనే ఉంది. ట్యునీషియా తీరాన మొనస్తీర్‌లో 796లో కట్టిన రిబాత్ ఇప్పటికీ నిలిచే ఉంది. అక్కడివాళ్లు కాపలా కాస్తూనే ప్రార్థనల్లో గడిపేవారు. మొరాకో రాజధాని రబాత్‌కు పేరు వచ్చిందీ 12వ శతాబ్దపు అలాంటి కోట వల్లే.

రిబాత్‌లో ఉండేవాడు ‘మురాబిత్’. 11వ శతాబ్దంలో సహారా నుంచి లేచి, మరాకేష్ నగరం కట్టి, దక్షిణ స్పెయిన్ దాకా ఏలినవాళ్ల పేరు ‘అల్ మురాబితూన్’. ఆ పేరు కోట వల్ల వచ్చిందా, ‘ఒక కట్టుగా నిలిచినవాళ్లు’ అనే అర్థంలో వచ్చిందా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు.

నాకు అన్నిటికన్నా తమాషాగా అనిపించేది ఈ మురాబిత్‌ల బంగారు దీనారు కథ. స్పెయిన్‌లో క్రైస్తవ రాజ్యాల్లోనూ అది బాగా చెల్లేది. దొరకడం కష్టమయ్యాక, 1170ల్లో కాస్టీల్ రాజు ఎనిమిదో అల్ఫోన్సో అలాంటిదే టొలెడోలో సొంతంగా ముద్రించాడు. ఒక శిలువ, తన పేరులోని మూడు లాటిన్ అక్షరాలు తప్ప రాతంతా అరబీయే. అందులో పోపు ‘ఇమామ్’, రాజుగారు ‘కాథలిక్కుల అమీర్’! అలవాటైన రూపం మారిస్తే బజారులో ఎవరూ తీసుకోరని భయం కాబోలు. మురాబిత్ నుంచి పుట్టిన ‘మరవెదీ’ అనే నాణెం పేరు మాత్రం 19వ శతాబ్దం దాకా స్పెయిన్‌లో బతికింది. అప్పటికి అది బంగారం కాదు, రాగి చిల్లర.

ఆఫ్రికాలో మురాబిత్ సాధువయ్యాడు, ఫ్రెంచివాళ్ల నోట ‘మరబూ’ అయ్యాడు. ఆ పేరునే బోడితల, మెడ కింద వేలాడే సంచీ ఉన్న ఓ పెద్ద కొంగకు పెట్టారు. చచ్చిన జంతువుల మాంసం, చెత్తకుప్పల్లో మిగిలిందీ ఏరుకు తినే పక్షి అది.