పెద్దల సభ లేని చెన్నై

హైదరాబాదులో ఉంటూ డిగ్రీ పూర్తి చేసినవాళ్లకు ఎమ్మెల్సీ ఓటు ఉంది. విజయవాడలో ఉంది. బెంగళూరులో స్థిరపడి ఓటరుగా పేరు రాయించుకున్న తెలుగు పట్టభద్రులకూ ఉంది. పెరంబూరులోనో టీ నగర్‌లోనో ఉండేవాళ్లకు మాత్రం లేదు. ఆంధ్రాలో పట్టభద్రుల ఎన్నికలు వచ్చినప్పుడల్లా నెల్లూరు, గుంటూరు చుట్టాలు ఫోన్ చేసి "మీకెప్పుడు?" అని అడుగుతుంటారు. తమిళనాడులో శాసనమండలి లేదు. 1986 నవంబరు 1న రద్దయింది. దాన్ని తిరిగి తెస్తామన్న తీర్మానం ఆ తర్వాత మూడుసార్లు అసెంబ్లీలో నెగ్గింది, మూడుసార్లూ వెనక్కి పోయింది.

మద్రాసు కౌన్సిల్ కథ మొదట్లో తెలుగువాళ్లే ముందు వరుసలో ఉన్నారు. 1920 నవంబరులో ఎన్నికలు జరిగి 1921 జనవరిలో కొలువుతీరిన మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్ నిజానికి పెద్దల సభ కాదు, అప్పటికి ఉన్న సభే అదొక్కటి. ఆస్తి, పన్ను అర్హతలున్న కొద్దిమందే దానికి ఓటర్లు. జస్టిస్ పార్టీ గెలిస్తే గవర్నరు విల్లింగ్డన్ పిట్టి త్యాగరాయ చెట్టిని ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నారు. ఆయన వద్దన్నారు. సుబ్బరాయలు రెడ్డియారు కొన్ని నెలలు చేసి ఆరోగ్యం బాగోలేక తప్పుకుంటే, కాళహస్తికి చెందిన పానగంటి రామరాయణింగారు, అంటే పానగల్ రాజా, 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాన మంత్రిగా, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్నారు. ఆ తర్వాత మునుస్వామి నాయుడు, బొబ్బిలి రాజా కూడా అదే కుర్చీలో కూర్చున్నారు. దేవాలయాల ఆస్తులు, మఠాల లెక్కల మీద ప్రభుత్వ పర్యవేక్షణ ఉండాలన్న దేవాదాయ బిల్లు మీద పానగల్ కాలంలో సభలో పెద్ద యుద్ధమే నడిచింది. ఈ రోజు పానగల్ పార్కు చుట్టూ చీరల కోసం తిరిగే మనవాళ్లలో ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్లు ఎంతమందో మరి.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టంతో కింది సభగా 215 మంది అసెంబ్లీ వచ్చింది, కౌన్సిల్ పైకి జరిగి 1937 నుంచి పెద్దల సభ అయింది. రాజ్యాంగం వచ్చాక కూడా మద్రాసు రాష్ట్రానికి ఈ రెండు సభలూ కొనసాగాయి. మండలి ఎన్ని రకాలుగా పనికొస్తుందో అసలు బయటపడింది 1952లో.

ఆ ఏడాది మొదటి సాధారణ ఎన్నికల్లో 375 సీట్ల మద్రాసు అసెంబ్లీలో కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చాయి. ఆంధ్ర జిల్లాల్లో గట్టి దెబ్బ తగిలింది. కమ్యూనిస్టులు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ, ఇంకొందరు కలిసి ఐక్య ప్రజాస్వామ్య కూటమి కట్టి టంగుటూరి ప్రకాశాన్ని నాయకుడిగా నిలబెట్టారు. 166 మంది బలం తమకుందని గవర్నరు దగ్గరికి వెళ్లారు. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం ఎన్నికల్లో పోటీయే చేయని రాజాజీని మండలికి నామినేట్ చేసి, ఆయన్నే ప్రభుత్వం ఏర్పాటు చేయమని పిలిచారు. సాహిత్యం, విజ్ఞానం, కళలు, సహకారోద్యమం, సమాజసేవ రంగాల వాళ్ల కోసం రాజ్యాంగం ఉంచిన కోటా అది. రాజాజీ రచయితే, కాదనలేం. కానీ ఆయన రచనలు చూసి ఇచ్చిన సీటు కాదని అందరికీ తెలుసు. కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి హైకోర్టుకు వెళ్లినా ఫలితం లేకపోయింది. ఏప్రిల్ 10న రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు. కూటమికి మద్దతిచ్చినవాళ్లను ఒక్కొక్కరుగా తమవైపు లాక్కుని సభలో మెజారిటీ చూపించారు.

మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచేనాటికి ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నది ఈ నామినేటెడ్ సభ్యుడే. ఆంధ్ర జిల్లాల ఓటర్లు కాంగ్రెస్‌కు వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పును ఒక్క నామినేషన్‌తో తిప్పేశారన్న కోపం మనవాళ్లలో చాలాకాలం ఉంది. అందులో న్యాయం ఉందనే నా అభిప్రాయం. 1954లో రాజాజీ స్థానంలోకి వచ్చిన కామరాజ్ మండలి దారి పట్టలేదు, గుడియాత్తం ఉపఎన్నికలో నిలబడి గెలిచారు. 1967లో అన్నాదురై మళ్లీ మండలి ద్వారానే వచ్చారు. ఆయన అప్పటికి లోక్‌సభకు గెలిచి ఉన్నారు కాబట్టి ఎవరూ పెద్దగా తప్పుపట్టలేదు.

మండలికి ఉన్న అసలు బలహీనత దాని నిర్మాణంలోనే ఉంది. మూడో వంతు సభ్యుల్ని ఎమ్మెల్యేలు, మరో మూడో వంతు స్థానిక సంస్థలవాళ్లు ఎన్నుకుంటారు. పట్టభద్రులకు పన్నెండో వంతు, ఉపాధ్యాయులకు పన్నెండో వంతు, మిగతాది నామినేషన్. సభ్యుల కాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. దాంతో అసెంబ్లీ ఎన్నికల్లో గాలి ఎంత తిరిగినా మండలిలో పాతవాళ్లు కొన్నేళ్లు ఉండిపోతారు. వాళ్లు బిల్లును చంపలేరు. మామూలు బిల్లును మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ రెండోసారి పంపితే ఒక నెల ఆపగలరు. ద్రవ్య బిల్లయితే పద్నాలుగు రోజులే. కొత్తగా ఊపుమీద గెలిచిన పార్టీకి ఆ నాలుగు నెలల ఆలస్యమే పంటికింద రాయి.

పైగా రాజ్యాంగంలోని 169వ అధికరణం ఆ రాయిని తీసిపారేసే పని సులువు చేసింది. అసెంబ్లీలో మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే చాలు. పార్లమెంటు మామూలు చట్టంతో సభను పెట్టొచ్చు, తీసేయొచ్చు, రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ఈ విషయంలో మండలి అభిప్రాయం అడగాల్సిన పని కూడా లేదు.

హైదరాబాదులో ఎన్టీఆర్ చేసింది ఇదే. 1983లో ఆయన వచ్చేసరికి మండలి నిండా కాంగ్రెస్ వాళ్లు. 1985 జూన్ 1తో ఆంధ్రప్రదేశ్ మండలి పోయింది. మరుసటి ఏడాదే మద్రాసు వంతు.

మద్రాసులో రద్దు గురించి ఇప్పటికీ ఎక్కువగా చెప్పుకునేది సినిమా కబురు. 1986 ఏప్రిల్‌లో ఎంజీఆర్ ఒక నటిని మండలికి నామినేట్ చేయించారు. ఆమె మీద దివాలా ఉత్తర్వు ఉందని, అలాంటివాళ్లు సభ్యులు కాకూడదని అభ్యంతరం వచ్చింది. ఎంజీఆర్ డబ్బిచ్చి అప్పులు తీర్పించినా గొడవ ఆగలేదు, ఆమె తప్పుకున్నారు. మే 14న రద్దు తీర్మానం అసెంబ్లీలో నెగ్గింది. ఆ అవమానంతోనే ఎంజీఆర్ సభను తీసేశారని ఇప్పటికీ చాలామంది అంటారు. నాకు మాత్రం అంతకన్నా బలమైన కారణం ఆ ఫిబ్రవరిలోనే కనిపిస్తుంది. చాలా ఏళ్ల తర్వాత జరిగిన స్థానిక ఎన్నికల్లో డీఎంకే ఎక్కువ మున్సిపాలిటీలు గెలుచుకుంది. మండలిలో మూడో వంతు సీట్లు స్థానిక సంస్థలవి. అంటే కొద్దికాలంలో పెద్దల సభ డీఎంకే వైపు ఒరగబోతోంది. కరుణానిధి కూడా అప్పుడు ఆ సభలోనే సభ్యుడు. ఈ లెక్క ఎంజీఆర్‌కు తెలియదనుకోవడం కష్టం.

ఇందులో మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తోచే సంగతి ఒకటుంది. రద్దయ్యేనాటికి మండలి అధ్యక్ష స్థానంలో ఉన్నది మ.పొ. శివజ్ఞానం. 'మద్రాసు మనదే' అని తెలుగువాళ్లు కదిలినప్పుడు ఎదురుగా నిలబడి, మద్రాసును వదిలేది లేదని తమిళుల్ని కూడగట్టిన మనిషి ఆయనే. తిరుత్తణి కోసం ఏళ్ల తరబడి పోరాడారు, 1960లో అది మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఒకప్పుడు పానగల్, బొబ్బిలి నడిపిన సభకు చివరి అధ్యక్షుడు ఆయన కావడం చరిత్ర ఆడే ఆటల్లో ఒకటి.

తర్వాత కథ చకచకా చెప్పొచ్చు. 1989లో డీఎంకే మళ్లీ మండలి కావాలని తీర్మానిస్తే 1991లో జయలలిత ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. 1996లో డీఎంకే మళ్లీ, 2001లో జయలలిత మళ్లీ. 2010 ఏప్రిల్ 12 తీర్మానం ఒక్కటే దూరం వెళ్లింది. మే నెలలో పార్లమెంటు 78 మందితో మండలికి చట్టం చేసింది. 234 మంది అసెంబ్లీకి రాజ్యాంగం ఇచ్చే గరిష్ఠం సరిగ్గా అంతే. ఎన్నికల ఏర్పాట్లు మొదలై కోర్టులో ఆగాయి. ఈలోగా 2011లో ప్రభుత్వం మారింది, జూన్‌లో కొత్త అసెంబ్లీ మండలి వద్దంది. అదే ఊపులో ఓమందూరార్ ఎస్టేట్‌లో కట్టిన కొత్త సచివాలయం కూడా ఆసుపత్రి అయిపోయింది.

ఆంధ్రాలోనూ ఇంచుమించు ఇదే ఆట. వైఎస్ హయాంలో చట్టమై 2007లో మండలి తిరిగొచ్చింది. 2020 జనవరి 22న అమరావతిలో ఛైర్మన్ షరీఫ్ మూడు రాజధానుల బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి పంపారు. అయిదు రోజుల్లో, 27న, అసెంబ్లీ మండలినే రద్దు చేయమని తీర్మానించింది. మండలిలో తమ బలం పెరిగాక, 2021 నవంబరులో అదే జగన్ ప్రభుత్వం ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. సభ మారలేదు, లోపలి లెక్క మారిందంతే.

ఇన్ని తీర్మానాల్లో మండలి ఏ బిల్లును మెరుగుపరిచింది, ఏ చర్చ అక్కడ బాగా జరిగింది అన్న ప్రశ్న ఎక్కడా ముందుకు రాలేదు. ఖర్చు దండగ అని వద్దన్నవాళ్లు, మేధావులకు చోటు అని కావాలన్నవాళ్లు కుర్చీలు మారగానే ఆ మాటల్నే మార్చుకున్నారు. చెన్నైలోని తెలుగు, ఉర్దూ, మలయాళ బడుల టీచర్లకు ఉపాధ్యాయ నియోజకవర్గం ఉంటే, తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం అమలవుతున్నప్పుడు ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థినైనా నిలదీసే వీలు ఉండేది. ఆ లాభనష్టాల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

2010 నాటి చట్టాన్ని ఉపసంహరించడానికి కేంద్రం 2012లో ఒక బిల్లు పెట్టింది. పెట్టింది రాజ్యసభలో. రాజ్యసభలో పెట్టి, లోక్‌సభకు ఇంకా వెళ్లని బిల్లు లోక్‌సభ ఎన్నిసార్లు రద్దయినా మురిగిపోదు కాబట్టి, తమిళనాడు పెద్దల సభను తీసేసే కాగితం ఏళ్ల తరబడి ఢిల్లీ పెద్దల సభలోనే పెండింగులో ఉండిపోయింది.