కనబడట్లేదంటే పోయినట్టు కాదు: అపోహలు, వాస్తవాలు

విజయవాడ గవర్నర్‌పేటలో కంప్యూటర్లు రిపేరు చేసే నాకు రోజూ వినిపించే మాట ఒకటుంది. "నిన్నటిదాకా బాగానే ఉందండీ, ఇవాళ చూపించట్లేదు." ప్రింటరో వైఫైనో అయితే పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. హార్డ్‌డిస్క్ అయితే మాత్రం మా దగ్గరికి వచ్చేసరికే ఎవరో ఒకరు దాని మీద ఏదో ఒకటి చేసేసి ఉంటారు. అసలు నష్టం అక్కడే జరుగుతోంది.

అపోహ: ఫార్మాట్ కొడితే డిస్క్ కనబడుతుంది, డేటా తర్వాత రికవరీ చేయించుకోవచ్చు.

డిస్క్ కనబడితే కనబడవచ్చు. డేటా సంగతే నమ్మకండి. ఫైల్ సిస్టమ్ దెబ్బతిన్నప్పుడు "వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడుగుతుంది. డేటా పోయిందని దానర్థం కాదు. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక విండోస్‌కి అర్థం కావట్లేదు, అంతే. క్యాన్సిల్ నొక్కితే ఏమీ పోదు.

ఈ నమ్మకం విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో పుట్టింది. అప్పట్లో ఫుల్ ఫార్మాట్ చేసినా పాత డేటా చాలావరకు డిస్క్ మీదే మిగిలేది. దాని తర్వాత వచ్చిన విండోస్ విస్టా నుంచి పద్ధతి మారింది. క్విక్ ఫార్మాట్ దగ్గర టిక్కు తీసేసి ఫార్మాట్ చేస్తే డిస్క్ మొత్తం సున్నాలు రాసేస్తుంది. లోపల బిగించిన ఎస్ఎస్‌డీకైతే (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్క్) క్విక్ ఫార్మాట్ కూడా ప్రమాదమే. ఆ చోటు ఇక అక్కర్లేదని ట్రిమ్ అనే ఆదేశంతో విండోస్ చెబుతుంది, ఎస్ఎస్‌డీ దాన్ని తుడిచేసుకుంటుంది. ఆ తర్వాత డేటా తిరిగొస్తుందని ఆశ పెట్టుకోవడం కష్టం.

ఒక టాక్స్ ప్రాక్టీషనర్ గారు రిటర్నుల సీజన్లో ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చారు. క్లయింట్ల లెక్కలన్నీ అందులోనే. ఆఫీసులో కుర్రాడు అప్పటికే ఫుల్ ఫార్మాట్ చేసేశాడు. నేను కేబుల్ మార్చి చూస్తే డిస్క్ నిక్షేపంగా ఉంది. పాడైంది కేబుల్. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే "ఇనిషియలైజ్" అని అడిగే బాక్సు కూడా అలాంటిదే. అది కొత్త డిస్క్‌కి. మీ ఫొటోలున్న పాత డిస్క్‌కి ఓకే నొక్కకండి. డిస్క్ టకటకమంటుంటే తప్పులు వెతికే చెక్‌డిస్క్ కూడా పెట్టకండి, ఉన్న కాస్త ప్రాణమూ అది చదవడంలోనే పోతుంది.

అపోహ: ఫ్రీజర్లో పెడితే డిస్క్ లేస్తుంది.

వద్దు. మన బెజవాడ తేమలో ఫ్రీజర్లోంచి తీసిన ఇనుము మీద ఎంతసేపటికి నీళ్లు పడతాయో మీకు తెలుసు.

అపోహ: వరదలో తడిసినా ఎండబెట్టాక ఆన్ అయింది కాబట్టి ఇక భయం లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగాక సింగ్‌నగర్ వైపు నుంచి సీపీయూలు బురదతో వచ్చాయి. కొన్ని ఎండలో పెట్టాక ఆన్ అయ్యాయి కూడా. కొన్ని వారాలయ్యాక మొదట లాన్ (నెట్ కేబుల్ పోర్టు) కనబడలేదన్నారు, తర్వాత యూఎస్‌బీ పోర్టులు ఒక్కొక్కటిగా పోయాయన్నారు. నీళ్లు ఆరినా అందులోని ఉప్పు, మట్టి బోర్డు మీదే ఉండిపోతాయి. గాలిలో తేమ తగిలినప్పుడల్లా కాంటాక్టులను తింటూనే ఉంటాయి. అందుకే పవర్ ఇవ్వకముందే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించాలి. మామూలు హార్డ్‌డిస్క్‌కి గాలి ఆడటానికి సన్నని రంధ్రం ఉంటుంది, అందులోంచి నీళ్లు లోపలికి పోవచ్చు. డేటా ముఖ్యమైతే ఒక్కసారి కూడా ఆన్ చేసి చూడకుండా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వండి.

అపోహ: విండోస్ మళ్లీ వేస్తే అన్నీ వచ్చేస్తాయి.

ముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే వచ్చే సెట్టింగుల స్క్రీన్) వెళ్లి చూడండి. డిస్క్ అక్కడే లేకపోతే విండోస్ తప్పేమీ లేదు. కేబులో, స్లాటో, డిస్కో చూడాలి. బయోస్‌లో ఉండి విండోస్‌లో లేకపోతే డ్రైవరో (ఆ వస్తువుని విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్), D, E లాంటి డ్రైవ్ అక్షరం పోవడమో అయి ఉంటుంది. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఇంకో చిక్కుంది. వీఎండీ అనే ఇంటెల్ సెట్టింగు బయోస్‌లో ఆన్‌లో ఉంటే బయోస్‌లో ఉన్న ఎస్ఎస్‌డీ విండోస్ వేసేటప్పుడు కనబడదు. ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ లోడ్ చేస్తే వచ్చేస్తుంది. దానికి కొత్త ఎస్ఎస్‌డీ కొనక్కర్లేదు.

విండోస్‌లో వస్తువుల జాబితా చూపే డివైస్ మేనేజర్లో పసుపు గుర్తు ఉంటే దాని మీద డబుల్ క్లిక్ చేసి కోడ్ చూడండి. 28 అంటే డ్రైవర్ వేయలేదు. 45 అంటే ప్రస్తుతం ఆ వస్తువు తగిలించి లేదు, దీనికి పసుపు గుర్తు కాకుండా పేరు మసకగా ఉంటుంది. 43 అంటే ఆ వస్తువు తనలో ఇబ్బంది ఉందని చెప్పింది, విండోస్ ఆపేసింది. ఈ 43 డ్రైవర్ వల్లా రావచ్చు, వస్తువు వల్లా రావచ్చు. వేరే సిస్టమ్‌కి తగిలించి చూస్తేగానీ తేలదు.

అపోహ: షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను, రీస్టార్ట్ చేసినట్టే కదా.

కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం, డ్రైవర్లతో సహా, అదే స్థితిలో డిస్క్ మీద దాచుకుంటుంది. రీస్టార్ట్‌తోనే అన్నీ మొదటి నుంచి లేస్తాయి. కనబడని వైఫై చాలాసార్లు దీనికే తిరిగొస్తుంది.

అపోహ: పెన్‌డ్రైవ్ తీసుకుంటోంది, అంటే యూఎస్‌బీ పోర్టు బాగానే ఉంది.

పెన్‌డ్రైవ్‌కి కొంచెం కరెంటు చాలు. తిరిగే హార్డ్‌డిస్క్‌కి ఎక్కువ కావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 ఇచ్చేది 900. సీపీయూ ముందున్న పోర్టులు లోపల వైరుతో బోర్డుకి కలుస్తాయి, ఆటోనగర్ షెడ్లలో అయితే వాటిలో ఇనుప రజను కూడా చేరుతుంది. వెనక పోర్టులు బోర్డు మీదే ఉంటాయి, అక్కడ పెట్టి చూడండి. ఫోన్ కేబుళ్లలో కొన్నిటికి ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. వాటితో ఫోన్ ఛార్జ్ అవుతుంది గానీ సిస్టమ్‌లో కనబడదు.

షాపుకి తెచ్చేటప్పుడు డిస్క్ ఒక్కటే సంచిలో వేసుకుని రాకండి. ఇంట్లో వాడే అదే కేబుల్, అడాప్టర్ ఉంటే అదీ తీసుకురండి, డివైస్ మేనేజర్ చూపించిన కోడ్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. లేకపోతే మా బల్ల మీద మా కేబుల్‌తో బాగానే తిరుగుతుంది, మీరు ఇంటికెళ్లాక మళ్లీ కనబడదు.