కుక్కర్‌లో ఆ 20 డిగ్రీలు

మా అక్క కూతురు ఈమధ్యే హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. గది తీసుకుని సొంతంగా వండుకుంటోంది. మొన్న రాత్రి ఫోన్ చేసి, "పిన్నీ, ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆకలి ఆగదు. స్టవ్ ఆపగానే గరిటెతో విజిల్ ఎత్తేసి మూత తీసేస్తున్నా. ఆవిరే కదా, పోతే పోయింది. ఏమైనా అవుతుందా?" అని అడిగింది. "అలా చేయకు" అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఈ ప్రశ్న వెనకున్న భౌతికశాస్త్రం నాకెంత ఇష్టమంటే, ఇద్దరం అరగంట దాకా ఫోన్ పెట్టలేదు.

కుక్కర్ పేలిందంటే అందులో బిగబట్టిన ఆవిరే పేలిందనుకుంటాం. లెక్క వేసి చూద్దాం. విజిల్ లేచేటప్పుడు లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఎక్కువ. అంటే మొత్తం మీద బయటికి రెండింతలు. పప్పు పైన ఒక లీటరు ఖాళీ ఉందనుకోండి. అందులోని ఆవిరి బయటపడితే రెండు లీటర్లవుతుంది. పెద్ద నీళ్ల సీసా అంత, అంతే. అసలు బలం ఆ ఆవిరిలో లేదు, దాని కింద చప్పుడు లేకుండా ఉన్న నీళ్లలో ఉంది.

రెండింతల ఒత్తిడిలో నీళ్లు 100 దగ్గర మరగవు, 120 డిగ్రీల దాకా ఆగుతాయి. పప్పు త్వరగా ఉడికేది ఆ అదనపు 20 డిగ్రీల వల్లే. ఇప్పుడు మూత ఒక్కసారిగా ఊడిందనుకోండి. ఒత్తిడి మామూలుకు పడిపోతుంది. ఆ ఒత్తిడిలో నీళ్లు 120 డిగ్రీల దగ్గర నీళ్లుగా ఉండలేవు. లీటరు నీళ్లలో, గ్రాముకు డిగ్రీకి ఒకటి, అంటే 20 కేలరీల చొప్పున, 20,000 కేలరీల వేడి మిగులు ఉంది. గ్రాము నీటిని ఆవిరి చేయడానికి 540 కేలరీలు కావాలి. భాగిస్తే 37 గ్రాములు. అంటే లీటరులో కొన్ని చెంచాల నీళ్లే ఆవిరవుతాయి. కానీ 100 డిగ్రీల దగ్గర గ్రాము ఆవిరి 1.67 లీటర్ల చోటు తీసుకుంటుంది. హెచ్చవేయండి: 62 లీటర్లు! మనింటికి వచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు నిండేంత ఆవిరి, రెప్పపాటులో, అదీ పైనుంచి కాదు, పప్పు లోపల ప్రతి చోటా ఒకేసారి పుడుతుంది. ఆ ఆవిరే పప్పుని మోసుకెళ్లి సీలింగుకి కొడుతుంది.

ఉష్ణోగ్రత పెరగకుండానే నీటిని ఆవిరి చేసే ఆ 540 కేలరీల వేడినే గుప్తోష్ణం అంటారు. ఆ మాటని బడిలో నిర్వచనంగా బట్టీ పట్టిస్తాం, మార్కులు వేస్తాం, వదిలేస్తాం. ఈ ఒక్క లెక్క నల్లబల్ల మీద చేయిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరని నా నమ్మకం.

ఇక విజిల్ సంగతి. అది పెట్టే గొట్టం రంధ్రం 3 మిల్లీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం 0.07 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మూసి ఉంచడానికి 70 గ్రాముల బరువు చాలు. ఒత్తిడి కాస్త మించితే బరువు లేస్తుంది, ఆవిరి పోతుంది, మళ్లీ కూర్చుంటుంది. 1679లో డెనిస్ పపాన్ అనే ఫ్రెంచి వాడు లండన్ రాయల్ సొసైటీ వాళ్లకు ఎముకల్ని సైతం మెత్తబరిచే పాత్ర చూపించాడు. బరువుతో పనిచేసే ఇలాంటి వాల్వ్ కూడా ఆయన ఆలోచనే. అదే ఒత్తిడి 20 సెంటీమీటర్ల వెడల్పున్న మూత మీద ఎంత బలంతో తోస్తుందో తెలుసా? 314 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు పన్నెండు పేర్చినంత. గొట్టం దగ్గర 70 గ్రాములు, మూత దగ్గర పన్నెండు బస్తాలు!

అందుకే గరిటెతో ఎత్తడం మంచిది కాదన్నాను. ఎత్తగానే ఒత్తిడి వేగంగా పడిపోతుంది, పప్పు ఒక్కసారిగా పొంగుతుంది, నురగతో పాటు కంది పొట్టు గొట్టంలోకి ఎక్కుతుంది. గొట్టం పూడుకుపోతే చప్పుడు ఆగిపోతుంది. చప్పుడు లేదు కాబట్టి ఒత్తిడి లేదనుకుని మూత బలవంతంగా తిప్పుతాం. ప్రమాదం జరిగేది అక్కడ. పది నిమిషాలు ఆగితే ఆ 20 డిగ్రీలు నెమ్మదిగా గోడల గుండా బయటికి పోతాయి. మూత సులువుగా కదలకపోతే లోపల ఇంకా ఒత్తిడి ఉన్నట్టే.

"మరి ఎన్ని విజిల్స్ రావాలి?" అంది. విజిల్స్ లెక్క కాలాన్ని కొలవదు. మంట పెద్దదైతే అయిదు నిమిషాల్లో అయిదు, చిన్నదైతే ఒకటి. ఎన్నిసార్లు కూసినా లోపల 120 డిగ్రీలే, ఎక్కువ మంట వల్ల పప్పు త్వరగా ఉడకదు, నీళ్లే ఇగురుతాయి. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి గడియారం చూడాలి. పప్పు నురగ కడుతుంది కాబట్టి నీళ్లతో కలిపి సగానికి మించకూడదు. ఒక చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది.

మా అమ్మ మూత పెట్టాక గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చేదాకా ఆగి, అప్పుడు విజిల్ పెట్టేది. చాలామంది ఇప్పుడు అది మానేశారు. నాకు అది చాలా తెలివైన పనిగా కనిపిస్తుంది. గొట్టం తెరిచే ఉందని కళ్లతో తెలుస్తుంది. లోపలి గాలి కూడా పోతుంది. గాలి మిగిలితే మొత్తం ఒత్తిడిలో కొంత దానిదే అవుతుంది, ఆవిరి వాటా తగ్గుతుంది, బరువు లేచినా ఉష్ణోగ్రత 120కి చేరదు.

ఒకవేళ ఆవిరి చేతికి తగిలితే? గ్రాము ఆవిరి నీరుగా మారి చర్మం మీద చల్లబడేటప్పుడు 600 కేలరీలు ఇస్తుంది, మరిగే నీళ్లు 63 మాత్రమే. కుళాయి కింద మామూలు చల్లటి నీళ్ల ధారలో 20 నిమిషాలు పెట్టాలి. ఇంకు, టూత్‌పేస్టు, దోసె పిండి పూసే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. అవి వేడిని లోపలే ఉంచుతాయి, డాక్టరు శుభ్రం చేసేటప్పుడు నరకం చూపిస్తాయి.

కడగడంలో అసలైన పని గొట్టమే. మూత కడిగాక వెలుతురుకి ఎత్తి, గొట్టంలోంచి చూడాలి. రంధ్రం గుండ్రంగా తెల్లగా కనిపించాలి. గ్యాస్కెట్‌ని తీసి కడిగి, తుడిచి ఆరబెట్టాలి, గట్టిపడినా పగిలినా మార్చేయాలి. వదులైనదాన్ని ఫ్రిజ్‌లో పెడితే బిగుసుకున్నట్టు కనిపిస్తుంది, వేడెక్కగానే మళ్లీ వదులే. నీళ్లు ఇగిరి కుక్కర్ మాడినప్పుడు కరిగే లోహంతో చేసిన సేఫ్టీ వాల్వ్‌కి బదులు వేరే దేన్నీ బిగించకూడదు, ఆ కంపెనీదే కొనాలి. అల్యూమినియం లోపల నల్లబడకుండా ఉండాలంటే, గిన్నెల కింద పోసే నీళ్లలో నిమ్మతొక్కో కాస్త చింతపండో వేస్తే చాలు. వంటసోడా మాత్రం వద్దు, అల్యూమినియాన్ని అది ఇంకా నలుపు చేస్తుంది.

నిన్న మళ్లీ ఫోన్ చేసింది. "పిన్నీ, మూత ట్యూబ్‌లైట్‌కి ఎత్తి చూశా. ఏమీ కనిపించలేదు. పిన్నీసుతో పొడిస్తే కంది పొట్టు ముక్క ఊడిపడింది."

"ఇప్పుడు చూడు" అన్నాను.

"కనిపిస్తోంది. గుండ్రంగా ఉంది."