అండర్ అబ్జార్ప్షన్ అంటే దుబారానా? రైస్ మిల్లు లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు కాస్టింగ్ లెక్కలు చూస్తుంటాను. మార్చి వచ్చిందంటే అవే ప్రశ్నలు, అవే గొడవలు. అందుకే ఒక్కచోట రాస్తున్నా.

ముందు ఒక ఉదాహరణ. షెడ్డు అద్దె, బాయిలర్, డ్రయ్యర్ల తరుగుదల, ఇన్సూరెన్స్, కరెంటు డిమాండ్ ఛార్జీలు, సూపర్‌వైజర్ల జీతాలు, ఇవన్నీ మిల్లు నడిచినా ఆగినా ఏడాదికి 36 లక్షలు అవుతాయని అంచనా వేశాం. మామూలుగా ఏడాదికి 60,000 క్వింటాళ్ల వడ్లు ఆడిస్తాం కాబట్టి క్వింటాలుకు 60 రూపాయల రేటు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు సరిగ్గా రాక యాసంగి వడ్లు తగ్గి, ఆడించింది 48,000 క్వింటాళ్లే అనుకోండి. ఆ రేటు చొప్పున సరుకు మీద ఎక్కింది 28.80 లక్షలు, నిజంగా అయిన ఖర్చు 37 లక్షలు. ఎక్కకుండా మిగిలింది 8.20 లక్షలు. దీన్నే అండర్ అబ్జార్ప్షన్ అంటారు.

అపోహ: ఆ 8.20 లక్షలు ఎవరో దుబారా చేశారు.

కాదు. అంచనా దాటిన ఖర్చు లక్ష రూపాయలే. మిగతా 7.20 లక్షలు తగ్గిన 12,000 క్వింటాళ్లవి. ఈ రెండూ విడదీయకుండా మొత్తం సూపర్‌వైజర్ మీద వేస్తే అన్యాయం, అలా మాటలు పడ్డవాళ్లను నేను చూశాను.

అపోహ: రేటు 77కి మార్చేస్తే లెక్క సరిపోతుంది.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. 37 లక్షలను 48,000తో భాగిస్తే 77 వస్తుంది, నిజమే. కానీ ఆ 77 పట్టుకుని ధర చెబితే ఆర్డర్ పక్క మిల్లుకు పోతుంది, మనం ఆడించేది ఇంకా తగ్గుతుంది, రేటు మళ్లీ పెరుగుతుంది. పైగా గోదాములో 5,000 క్వింటాళ్ల వడ్లకు సరిపడా బియ్యం మిగిలి ఉంటే, క్వింటాలుకు 17 చొప్పున స్టాకు విలువ, దాంతో లాభం, సుమారు 85 వేలు ఊరికే పెరుగుతాయి. స్టాకు విలువ ఎలా కట్టాలో చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ 2 దీన్ని ఒప్పుకోదు. ఉత్పత్తి తగ్గిందని యూనిట్‌కు ఎక్కించే స్థిర ఖర్చు పెంచకూడదు, సాధారణ సామర్థ్యం మీదే లెక్కకట్టి, మిగిలింది ఆ ఏడాది ఖర్చుగా రాయాలి.

అపోహ: ఓవర్ అబ్జార్ప్షన్ (అయిన ఖర్చు కంటే సరుకు మీద ఎక్కువ ఎక్కడం) వస్తే అదనపు లాభం.

66,000 క్వింటాళ్లు ఆడితే 39.60 లక్షలు ఎక్కుతుంది, ఖర్చు 37 లక్షలే. ఆ 2.60 లక్షలు కొత్తగా చేతికొచ్చిన డబ్బు కాదు, సరుకు మీద ఎక్కువ వేసుకున్న ఖర్చు. వెనక్కి సర్దాల్సిందే. ఉత్పత్తి మామూలు కంటే బాగా పెరిగిన ఏడాదిలో రేటు తగ్గించాలి, లేకపోతే స్టాకు అసలు ఖర్చు కంటే ఎక్కువ విలువలో కూర్చుంటుంది.

అపోహ: ఏ నెల తేడా ఆ నెలే తేల్చేయాలి.

ఆగస్టులో వడ్లు ఉండవు, కోతలయ్యాక నవంబరు, డిసెంబరుల్లో మిల్లు రాత్రీపగలూ నడుస్తుంది. అలాంటప్పుడు ఆగస్టు అండర్ చూసి టెన్షన్ ఎందుకు? నెల తేడాను సీజన్ దాకా ముందుకు తీసుకెళ్తాను. ఆ అంకె పక్కనే మిల్లు ఎన్ని గంటలు ఆగిందో, ఎందుకు ఆగిందో రాయిస్తాను: వడ్లు లేక, కరెంటు లేక, బాయిలర్ రిపేరు. మొదటిది సీజన్ వల్ల వచ్చింది. మూడోది నవంబరులో కనిపిస్తే మాత్రం ఆ రోజే ఓనరుకు ఫోన్ చేస్తాను.