కారు మీద తెల్ల చుక్కలు: అపోహలు, వాస్తవాలు

దసరాకు ముందు వారం రోజులూ మా షెడ్డులో పంపు ఆగదు. ఆయుధ పూజకు కారు మెరవాలి. పండగ వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊరు నిండా చుట్టాలు. ఆ వారం ఎన్ని కార్లు కడుగుతామో, పై వారం దాదాపు అన్ని ఫిర్యాదులు వింటాం. ఫిర్యాదు మాత్రం ఒకటే. "కడిగినప్పుడు బాగానే ఉందండీ. పొద్దున చూస్తే బానెట్ నిండా తెల్ల చుక్కలు. ఏ షాంపూ వాడారు మీరు?"

విజయనగరంలో ఈ పని మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయి, తుక్కుకు వెళ్లాల్సిన ఒక పాత నల్ల బానెట్‌ను తెచ్చి షెడ్డు గోడకు ఆనించి పెట్టాను. ఎవరైనా షాంపూ మాట ఎత్తితే దాన్ని ఎండలో పడుకోబెట్టి చెంచాతో నాలుగు చోట్ల నీళ్లు వేస్తాను. ఒకటి మా బోరు నీళ్లు, రెండోది ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు, మూడోది ఆ ఆర్‌ఓ యంత్రం బయటకు వదిలే నీళ్లు, నాలుగోది ఏసీ గొట్టం నుంచి కారిన నీళ్లు. ఎందులోనూ షాంపూ లేదు.

టీ తాగి వచ్చేసరికి నాలుగూ ఆరిపోయి ఉంటాయి. బోరు నీళ్లు పడ్డచోట తెల్లటి వలయం, మధ్యలో పలచగా, అంచున చిక్కగా. చుక్క అంచు దగ్గర నీరు ముందు ఆరిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి లోపలి నీరు అంచువైపు జరుగుతూ, తనలో ఉన్న లవణాలను అక్కడ దించి ఆవిరైపోతుంది. అందుకే మచ్చ నిండు చుక్కలా కాక ఉంగరంలా కనిపిస్తుంది. ఆర్‌ఓ నీటి చోట ఏటవాలుగా చూస్తే తప్ప తెలియని జాడ. ఏసీ నీటి చోట వెతికినా ఏమీ దొరకదు. అన్నిటికన్నా తెల్లగా, సున్నం పెట్టినట్టు కనిపించేది మూడోది. దాని సంగతి తర్వాత చెబుతాను.

నేలలోంచి, రాతి పగుళ్లలోంచి వచ్చే నీరు దారిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. పప్పు ఉడకని నీరు, సబ్బు నురగ రాని నీరు అని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏనాడో గుర్తుపట్టింది దీన్నే. నీరు ఆవిరవుతుంది, లవణం ఆవిరి కాదు. బానెట్ మీద మిగిలే తెల్ల పొడిలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. సున్నపురాయి, కోడిగుడ్డు పెంకు, గీజరు కడ్డీకి పట్టే పెచ్చు, అన్నీ ఆ పదార్థమే. కాబట్టి కడగడం ఎలా అన్నది సగం ప్రశ్నే. నీటిని కారు మీద ఆరనిచ్చారా, ఆరకముందే తీసేశారా అన్నది అసలు ప్రశ్న.

అపోహ: "మేం తాగే నీళ్లతోనే కడుగుతాం, మచ్చలెందుకు పడతాయి?"

పడతాయి. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. వేరే నీటి వసతి లేకపోతే 2000 దాకా కూడా సర్దుకోవచ్చు అంటుంది అదే ప్రమాణం. 500 లెక్కనే చూసినా 15 లీటర్ల బకెట్టులో ఏడున్నర గ్రాముల లవణం, అంటే ఒక చెంచాకు పైమాటే. ఒంటికి మంచి నీరు రంగుకూ మంచిదే కానక్కర్లేదు. టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, కొని మీ కుళాయి కింద పెట్టి చూడండి.

అపోహ: "ఆర్‌ఓ వదిలేసిన నీళ్లతో కడిగితే నీళ్లు ఆదా, కారూ శుభ్రం."

ఇది చెప్పేవాళ్లను తప్పుపట్టలేను, నీళ్లు వృథా చేయకూడదన్న బుద్ధి మంచిదే. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు రోజూ ఆ నీటిని డ్రమ్ములో పట్టి ఆదివారం తన తెల్ల కారు కడిగేవారు. తెల్ల కారు కాబట్టి చాలాకాలం గమనించలేదు. అద్దాలు మసకబారాకే నా దగ్గరికి వచ్చారు. ఆర్‌ఓ యంత్రం చేసే పని లవణాలను ఒక పక్కకు నెట్టడమే. మీ గ్లాసులోకి రాని లవణమంతా ఆ వదిలే నీటిలోకే వెళుతుంది. కుళాయి నీటికన్నా అది చిక్కనిది. "అంటే శుద్ధి చేసిన నీళ్లు నేను తాగి, ఉప్పు నీళ్లు కారుకు పోశానన్నమాట" అని ఆయనే నవ్వారు. ఆ నీటిని పారేయమని అనను. చక్రాల మట్టి, మడ్‌గార్డుల లోపలి బురద వదిలించడానికి, వాకిలి కడగడానికి వాడుకోండి. చివరి నీళ్లు మాత్రం వేరేవి పోయండి.

ఆ వేరేవి ఎక్కడినుంచి తేవాలి? మన తీరప్రాంతపు ఉక్కకు ఒక లాభం ఉంది. వేసవి రాత్రి ఏసీ గొట్టం కింద బకెట్టు పెడితే తెల్లారేసరికి నిండుతుంది. గాలిలోని తేమే చల్లబడి నీరవుతుంది కనుక అందులో లవణాలు దాదాపు ఉండవు. దుమ్ము మాత్రం ఉండవచ్చు, పలుచని గుడ్డలో వడగట్టండి. కారంతా కడిగాక చివరగా అయిదారు లీటర్లు పైనుంచి కిందికి పోస్తే చాలు. తొలి జల్లులు మేడను కడిగేశాక పట్టుకున్న వాన నీరు కూడా ఇంతే మంచిది.

అపోహ: "సాఫ్ట్‌నర్ పెట్టించాం, ఇక తుడవనక్కర్లేదు."

సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను తీసేసి వాటి స్థానంలో సోడియం పెడుతుంది. టీడీఎస్ మీటరు అంకె దాదాపు కదలదు. చుక్కలు పడతాయి, కాకపోతే అవి తడిగుడ్డకే పోయే రకం, మొండిగా పట్టుకోవు. మా షెడ్డులోనూ సాఫ్ట్‌నర్ ఉంది. నురగ బాగా వస్తుంది, షాంపూ తక్కువ పడుతుంది. తుడవడం మానలేదు.

అపోహ: "కడిగి హైవే ఎక్కితే గాలికే ఆరిపోతుంది."

ఆరిపోతుంది, మచ్చలతో సహా. పైగా తడి మీద దారి దుమ్ము కూడా.

ఎండ విషయంలో ఒక తప్పుడు నమ్మకం, ఒక నిజం కలగలిసి తిరుగుతున్నాయి. నీటి చుక్క భూతద్దంలా పనిచేసి రంగును కాలుస్తుందంటారు. లోహం మీద అంటుకున్న చుక్కలో వెలుగు కేంద్రీకరించే బిందువు సాధారణంగా ఆ ఉపరితలం కన్నా లోతులో ఉంటుంది, కాబట్టి ఆ భయం అక్కర్లేదు. అయినా ఎండలో కడగవద్దనే మాట నిజం. వేడి రేకు మీద నీరు మీ చేతికన్నా వేగంగా ఆరుతుంది.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. తొలి రోజుల్లో ఒక మే నెల మధ్యాహ్నం సాలూరు నుంచి ఒక నల్ల కారు వచ్చింది. ఇంజను వేడి లోపల, ఎండ పైన. ఆయన తొందరలో ఉన్నారు, నేనూ తొందరపడ్డాను. బోరు నీళ్లు కొట్టి, ఒక పక్క తలుపులు తుడుచుకుని వచ్చేసరికి బానెట్ ఆరిపోయింది. చుక్కలు వచ్చాయని తెలిసి పొడిగుడ్డతో గట్టిగా రుద్దాను, అది రెండో తప్పు. లవణపు పొడి ఉప్పుకాగితంలా పనిచేసి సన్నటి గీతలు పెట్టింది. మర్నాడు ఆ బానెట్‌కు నా ఖర్చుతో పాలిష్ పట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి ఏ కారు వచ్చినా ముందు అరచేతి వెనుక భాగం బానెట్ మీద ఆనిస్తాను. చేయి వెనక్కి తీయాలనిపిస్తే కారు నీడలో అరగంట ఆగుతుంది, ఎంత పెద్దమనిషిది అయినా సరే.

అపోహ: "పాత బనియను, పంచె ముక్క ఉంటే చాలు."

మెత్తగా ఉంటాయి నిజమే. కానీ నీటిని పీల్చే కొద్దీ పూత పూసినట్టు పలుచగా పరుస్తాయి కూడా. ఆ పలుచని తడి ఆరి చారలవుతుంది. బనియను కుట్టు దగ్గర ఇరుక్కున్న ఇసుక రేణువు చేసే నష్టం వేరే. పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు ఒకటి కొనండి, మెలిపోగుల రకమైతే ఒక్కదానితో కారంతా అయిపోతుంది. దాన్ని విడిగా ఉతకండి. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ తగిలితే పోగులకు పొర పట్టి నీరు పీల్చడం మానేస్తుంది.

ఆరబెట్టే తీరు కాస్త వివరంగా చెప్పాలి. షాంపూ నురగ వదిలాక ప్రెషర్ గన్ పక్కన పెట్టి, గొట్టానికి ముక్కు తీసేసి, మెల్లటి ధారతో పైకప్పు నుంచి నీళ్లు వదలండి. ధార దుప్పటిలా జారుతూ విడివిడి చుక్కలను తనతో లాక్కుపోతుంది. నాలుగింట మూడు వంతుల తడి అక్కడే దిగిపోతుంది. తర్వాత తువ్వాలు రెండు మూలలు పట్టుకుని రేకు మీద పరిచి మెల్లగా మీవైపు లాగండి, రుద్దవద్దు. వరస పైకప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, ఆ పైన తలుపులు. అయిపోయిందనుకున్నాక అసలు దొంగలు బయటికొస్తాయి. పక్క అద్దం గూడు, తలుపు పిడి వెనుక, పెట్రోలు మూత, నంబరు ప్లేటు పై అంచు, ఇక్కడ దాగిన నీరు పది నిమిషాల తర్వాత తీరిగ్గా కారుతుంది. తలుపులు, డిక్కీ ఒకసారి తెరిచి మూసి, అంచులు తుడవండి. మా దగ్గర బ్లోయరు ఉంది, ఇంట్లో అయితే కారును రెండడుగులు ముందుకు నడిపి బ్రేకు వేసినా చాలు.

సిరామిక్ కోటింగ్, అంటే రంగు మీద నీరు జారిపోయేలా వేసే పూత, వేయించినవాళ్లకు కోపం వచ్చినా చెప్పాలి. "దీని మీద నీరు నిలవదు" అని అమ్మినవాళ్లు సగమే చెప్పారు. నిలువు తలుపుల మీద నిలవదు. బానెట్, పైకప్పు లాంటి బల్లపరుపు చోట్ల ముత్యాల్లా నిలుస్తుంది. పలుచగా పరుచుకోవాల్సిన నీరు ఒక్కచోట బొట్టుగా కూర్చుంటే లవణమూ ఒక్కచోటే చేరుతుంది. ఆ కార్లను తుడవడం సులువు, అంతే.

అపార్ట్‌మెంట్లలో రోజూ తెల్లవారుజామున ఒకే బకెట్టు నీటితో అయిదారు కార్లు తుడిచే పద్ధతి ఉంది. తుడిచే మనిషి తప్పు లేదు, అతనికి ఇచ్చిన నీళ్లు అవి. మూడో కారుకు వచ్చేసరికి ఆ బకెట్టులో ఉన్నది మొదటి రెండు కార్ల మట్టి. మంచు కురిసిన ఉదయం దుమ్ము మీద తడి గుడ్డ పడిందంటే గీతలు ఖాయం. వారానికి ఒకసారి సరిగ్గా కడిగించుకోండి, మిగతా రోజులు వదిలేయండి. డీజిలు, కిరోసిను గుడ్డతో మెరుగు పెట్టే పని కూడా మానండి. ఆ మెరుపు నూనెది, దుమ్ము దాన్ని వెతుక్కుంటూ వస్తుంది, రబ్బరు పాడవుతుంది.

పడ్డ మచ్చలను చింతపండుతో తోమవచ్చా అని ఒకావిడ అడిగారు. ఇత్తడి బిందె మెరిసినప్పుడు కారెందుకు మెరవదన్నది ఆవిడ తర్కం. తర్కం సగం సరైనదే, పులుపులోని ఆమ్లం కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తుంది. కానీ చింతపండులో పీచు, గింజ పొట్టు ఉంటాయి, బిందె తట్టుకుంటుంది, రంగు తట్టుకోదు. తెల్ల వెనిగర్‌లో సమానంగా నీరు కలిపి, చల్లటి రేకు మీద నీడలో, తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ రెండు నిమిషాలు పరిచి ఉంచండి. రుద్దకుండా తీసి, నీళ్లతో కడిగి తుడవండి. అక్కడ రంగు మీద పూసిన మైనం (వాక్స్) పలచబడుతుంది, మళ్లీ పూయాలి. అద్దాలకూ ఇదే వైద్యం.

దానికీ పోకపోతే, మచ్చ చోట గోరు ఆనిస్తే చిన్న గుంటలా తగిలితే, అది పైన కూర్చున్న లవణం కాదు, పైపొరను తినేసిన గాయం. రంగు మీద ఉండే ఆ పారదర్శక పొర మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా తక్కువ. పాలిష్ అంటే అందులోంచి కొంత అరగదీయడమే. లోతు తక్కువైతే చేస్తాను. ఎక్కువైతే చేయనని చెప్పి పంపేస్తాను.

ఈ దసరాకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా నల్ల కార్లు తీసుకోవడం లేదు. పొద్దున ఆరింటికే షెడ్డు తీస్తాం, అప్పుడు రండి.