మనసు బాగున్న రోజే రాసిపెట్టుకోవాల్సిన కాగితం

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల రూములు తీసుకుని చదువుకునే పిల్లల ఫోన్లలో మెస్ ఆయన నంబరు నుంచి ఊరికి పోయే బస్సు టైమింగుల దాకా అన్నీ ఉంటాయి, కానీ బతకాలనిపించని రాత్రి వస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. దానికోసమే సేఫ్టీ ప్లాన్ అని ఒకటుంది, అలాంటి రాత్రి వరసగా ఏమేం చెయ్యాలో ముందే రాసిపెట్టుకునే కాగితం. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు తయారుచేశారు. ఎమర్జెన్సీ వార్డుకొచ్చిన వాళ్ళ చేత ఇది రాయించి, తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటూ ఉంటే ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రయత్నాల్లాంటివి దాదాపు 45 శాతం తక్కువ కనిపించాయని 2018లో ఒక స్టడీ వచ్చింది.

ఒక్క కాగితానికి అంత బలమేంది అంటే, బాగా స్ట్రెస్‌లో ఉన్నప్పుడు మెదడులో ముందుభాగం, అంటే ఆలోచించి నిర్ణయం తీసుకునే భాగం, సరిగ్గా పనిచెయ్యదు, ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా తోచదు. అందుకే మనసు కుదురుగా ఉన్నరోజే రాసుకోవాలి.

మొదట మీ గుర్తులు రాయండి. "డిప్రెషన్ వస్తే" అని రాస్తే లాభం లేదు, "రెండ్రోజులుగా మెస్‌కి పోలేదు, అమ్మ ఫోన్ ఎత్తట్లేదు" అని రాస్తే ఆరోజు మీకే తెలిసిపోతుంది. తర్వాత ఒంటరిగా చేసుకోగలిగేవి, తలస్నానమో, పాటలో. పగలైతే నలుగురిలో కూర్చోడానికి ప్రకాశం పార్కో కపిలతీర్థమో, అక్కడ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత సాయం అడగ్గలిగే మనుషులు. పేరుతోపాటు పంపాల్సిన మెసేజ్ కూడా ముందే టైప్ చేసి పెట్టుకోండి, "ఒరేయ్, మనసేం బాలేదు, నా దగ్గరికి రా" అని, ఎందుకంటే ఆ టైంలో మాటలు రావు. దాని కింద 14416 రాయండి, అది టెలి మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో మొదలైంది, 24 గంటలూ ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. నేరుగా పోవాలంటే రుయా ఆస్పత్రిలో సైకియాట్రీ ఉంది, ప్రాణం మీదికొస్తే 108.

అన్నిటికంటే ముఖ్యమైంది, నాకైతే, హాని చేసుకోవడానికి పనికొచ్చేవి రూములో లేకుండా చూసుకోవడం, ఫ్రెండుకి ఇచ్చెయ్యండి. చచ్చిపోవాలనే ఆ ఉధృతి చాలామందిలో ఎక్కువసేపు ఉండదు, అది తగ్గేదాకా చేతికి ఏదీ అందకపోతే ప్రాణం నిలబడుతుంది.

రాసినాక ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ఇంకో కాపీ రూమ్మేట్‌కి ఇవ్వండి, పేర్లు రాసుకున్న వాళ్ళకి కూడా ఇవాళే చెప్పండి, "ఇందులో నీ పేరు రాశా, అర్ధరాత్రి ఫోనొస్తే ఎత్తు" అని.